పల్నాటి పలకలు – వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు

నరసరావుపేటలో గాని, మాచెర్లలో గాని, గురజాలలో గాని క్రొత్తగా ఇల్లు కట్టుకొను గృహస్థుడు వీధిగుమ్మము మొదలు వసారా మెట్ల దాక నడవకు రాయి పరపింపదలచినచో దూరదేశములు వెదకవలసిన పని లేదు. ఆ సీమ నేలయే ఆతనికి గని. పల్నాటి నాపరాయి పొరలు పొరలుగా చీలును. మల్లెపాదుల నడుమ, తులసికోట చుట్టును, బావిగట్టు వరకును ఆ బండలే బాట యగును. రాయి నెంచుకొనునపుడు గృహస్థుడు చదును చూచును, మందము చూచును, సుత్తితో తట్టి మ్రోత వినును. వాన కురిసినపుడు నీరు నిలుచునా, కాలు జారునా యని విచారించును. ఆ రాయి ఎక్కడిది, ఇంతకు ముందు ఏ పనిలో నుండెను అను ప్రశ్న మాత్రము అరుదుగా పుట్టును. ఆ ప్రశ్న పుట్టకుండుట వలన ఎంతటి నష్టము కలుగునో, ఆ నష్టము నుండియే ఎంతటి వెలుగు పుట్టవచ్చునో తెలుపునది అమరావతీ ప్రభువు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని జీవితము.

వేంకటాద్రి నాయుడు 1761లో జన్మించెను. వాసిరెడ్డివారు కృష్ణానది కిరువైపుల గ్రామములు గల జమీందారులు. వారి ముఖ్యస్థానము నది దక్షిణపు టొడ్డుననున్న చింతపల్లి. తండ్రి జగన్నాథ నాయుడు కుమారుని బాల్యముననే గతించెను. 1783లో వేంకటాద్రి నాయుడు సంస్థానాధిపత్యము వహించెను. ఆ కాలము దేశమునకు సంధికాలము. ఉత్తర సర్కారులలో చాల భాగము అప్పటికే ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చియుండెను. గుంటూరు సర్కారు 1788లో నైజాము నుండి కంపెనీకి సంక్రమించెను. పల్నాడు 1801 వరకు ఆర్కాటు నవాబు క్రింద నుండెను. ప్రాతదొరల అధికారము తరిగి క్రొత్తదొరల శాసనము స్థిరపడుచున్న ఆ దినములలో జమీందారుల పలుకుబడికి దినదినగండముగా నుండెను. స్వంతసేన, కోట, దర్బారు గల ప్రభువులు ఒక్కొక్కరే కిస్తులు చెల్లించు భూస్వాములుగా మారుచుండిరి. 1802లో వచ్చిన శాశ్వత పరిష్కారము ఆ మార్పును పూర్తిచేసెను. కత్తితో కీర్తి గడించు మార్గము మూతపడిన ఆ కాలమున వేంకటాద్రి నాయుడు కట్టడములతోను, దానములతోను కీర్తి గడించుటకు పూనుకొనెను.

ఆతడు చింతపల్లిని విడిచి అమరావతికి తరలివచ్చుటకు రెండు కారణములు చెప్పుదురు. మొదటిది రాజకీయము: చింతపల్లిలో కంపెనీవారి ఒత్తిడి నానాటికి పెచ్చుపెరుగుటచే ఆ స్థలముపై ఆతని మనసు విరిగెనని. రెండవది జనశ్రుతి: దారిదోపిడులు చేయుచున్నారని చెంచులను వందలకొలది విందుకు పిలిపించి శిరచ్ఛేదము చేయించెననియు, నాటినుండి అన్నమునకు కూర్చుండినపుడెల్ల విస్తరిలోని మెతుకులు పురుగులై కనబడెననియు, ఆ పాపము బాపుకొనుటకై అమరేశ్వరుని పాదములను ఆశ్రయించెననియు ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. అమరావతి సమీపముననున్న నరుకుళ్ళపాడు అను గ్రామము పేరును కూడ ఈ కథతో ముడిపెట్టుదురు. జనశ్రుతికి శాసనములంతటి బలము లేకున్నను, ప్రజలు ఒక ప్రభువు దానములను మాత్రమే గాక దారుణములను కూడ మరువలేదని ఈ కథ తెలుపును. కారణమేదైనను 1796 ప్రాంతమున ఆతడు ప్రాచీన ధరణికోటకు ప్రక్కనే, అమరేశ్వరాలయము చుట్టును ఒక క్రొత్త పట్టణము నిర్మింప నారంభించెను.

పట్టణనిర్మాణమనగా మొదట రాతిపని. విశాలమైన వీధులు తీర్పించెను, వర్తకులను, వృత్తులవారిని రప్పించి ఇండ్లస్థలము లిప్పించెను, నగరు కట్టించెను, అమరేశ్వరాలయమును బాగుచేయించెను, శివగంగ యను కొలనుకు మెట్లు కట్టించెను. ఇన్నింటికి పునాదులకు ఇటుక కావలెను, గచ్చుకు సున్నము కావలెను, మెట్లకును నడవలకును పెద్దపెద్ద చదునుబండలు కావలెను.

అట్టి బండలకు పల్నాటి రాయిని మించినది ఆ చుట్టుపట్టుల లేదు. అది సున్నపురాయి జాతికి చెందినది. యుగముల క్రిందట నీటి అడుగున సన్నని ఒండు పొరపై పొరగా పేరుకొని గట్టిపడుటచే ఏర్పడినది. కావుననే గనిలో ఉలిపెట్టి సందుచూచి కొట్టినచో పలకవలె లేచివచ్చును. కణము మిక్కిలి సన్ననిది గనుక శిల్పి ఉలికి మెత్తగా లొంగును. జుట్టుముడిలోని పాయలను, హారములలోని పూసలను సైతము దానిపై చూపవచ్చును. నడవకు కూడ అది తగినదే. నున్నగా మెరుగుపెట్టినచో ఇంటిలోపల చల్లగా నుండును. వాకిటిలోను తోటబాటలోను మాత్రము మెరుగుపెట్టని గరుకు ముఖమునే పైకి వేయవలెను, లేనియెడల తడిసినప్పుడు కాలు జారును. చింతపండు పులుసు, నిమ్మరసము దానిమీద పడినచో మచ్చ నిలుచును. ఏలయన పులుపు సున్నపురాయిని తినివేయును. ఇదే రాయిని బట్టీలో పెట్టి కాల్చినచో సున్నమగును. ఒకే గనిరాయి పలకగా నిలిచినచో నేలకు అలంకారము, కాలినచో గోడకు అతుకు. పిడుగురాళ్ళ బట్టీలును, దాచేపల్లి, మాచెర్ల ప్రాంతముల బండల గనులును ఈ రెండు గుణముల మీదనే వెలసినవి.

వేంకటాద్రి నాయుని పనివారికి గని దూరమాయెను, దిబ్బ దగ్గరాయెను. క్రొత్త పట్టణమునకు చేరువనే దీపాలదిన్నె యను పెద్ద మట్టిదిబ్బ యుండెను. దాని నెవరు కట్టిరో, ఎందుకు కట్టిరో చెప్పగలవారు ఆ ఊర నొక్కరును లేరు. ఇటుకల కొరకును, రాళ్ళ కొరకును పనివారు దానిని త్రవ్వసాగిరి. లోపల నిధి యున్నదను ఆశ కూడ కొందరిని ప్రేరేపించి యుండవచ్చును. త్రవ్వినకొలది పెద్దపెద్ద ఇటుకలు వచ్చెను. వానితోపాటు నిలువెత్తు పలకలు, స్తంభములు, గుండ్రని పద్మములు చెక్కిన అడ్డబండలు బయటపడెను. పట్టణమునకు కావలసిన చదునురాయి, ఎవరో చెక్కి సిద్ధము చేసి పెట్టినట్లు, చేతికి దొరకెను. పలకలలో కొన్ని శివగంగ మెట్లలోనికి పోయెను. కొన్ని ఆలయములలోను, క్రొత్త కట్టడములలోను చేరెను. ఊరివారు కొనిపోయినవి కొన్ని. సున్నపు బట్టీలకు ఆహుతియైనవి కొన్ని.

ఆ దిబ్బ ధాన్యకటక మహాచైత్యము. క్రీస్తుకు పూర్వము రెండు మూడు శతాబ్దుల నాడే మొదలై, శాతవాహనుల కాలమున శిల్పసంపదతో నిండి, దక్షిణాపథమున బౌద్ధులకు పరమ పుణ్యక్షేత్రమై వెలసిన కట్టడమది. దాని చుట్టును సుమారు 192 అడుగుల వ్యాసము గల రాతి ప్రాకారముండెను. ప్రాకారమునకును చైత్యపు వేదికకును నడుమ ప్రదక్షిణ చేయువారికై పలకలు పరచిన వలయాకారపు బాట యుండెను. ఆ బాటను నడచువాని కిరువైపుల బుద్ధుని జీవితగాథలు, జాతకకథలు, రాజులు, ఏనుగులు, పూర్ణఘటములు రాతిలో కదలాడుచుండెను. నడచుట, చూచుట, స్మరించుట మూడును ఒకటే పనిగా నుండునట్లు ఆ బాటను కూర్చిన శిల్పుల నేర్పు నేటికిని ఆశ్చర్యము గొల్పును. ఏడవ శతాబ్దమున చీనాయాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఈ దేశమునకు వచ్చియుండెను. సింహళమునందలి గడలాదెణియ శాసనము 1344లో సైతము ఒక భిక్షువు ధాన్యకటకమున జీర్ణోద్ధరణ చేయించినట్లు పేర్కొనుచున్నది. అటుపిమ్మట భక్తులు రాలేదు, పేరు మరుగుపడెను, మన్ను కప్పెను. నాలుగున్నర శతాబ్దములు గడచునప్పటికి ఆ చైత్యము ఊరివారికి ఒక దిబ్బ మాత్రమే.

ఈ త్రవ్వకముల వార్త విని 1797-98 ప్రాంతమున కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చెను. ఆతడు కంపెనీ సైన్యమున సర్వేయరు. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగు పండితుల సహాయముతో గ్రామ కైఫీయతులను, శాసనములను సేకరించి తెలుగుదేశ చరిత్రకు గొప్ప ఉపకారము చేసినవాడు. దిబ్బ నడినెత్తి త్రవ్వబడియుండుటయు, శిల్పములు చెల్లాచెదరై పడియుండుటయు ఆతడు కన్నులార చూచెను. బౌద్ధము ఈ దేశమున మరువబడుటచే ఆ శిల్పములు జైనులవని ఆతడు మొదట తలచెను. తాను చూచిన దానిని వ్రాసి పండితలోకమునకు ప్రకటించెను. అంతవరకు ప్రపంచమునకు అమరావతి శిల్పమను పదమే లేదు. వేంకటాద్రి నాయుని పనివారు పలుగు వేయకుండినచో ఆ పదము ఇంకెంతకాలమునకు పుట్టియుండెడిదో చెప్పుట కష్టము.

ఈలోపల ఆ ప్రభువు కట్టడముల ఉత్సాహము అమరావతి పొలిమేర దాటెను. మంగళగిరిలో లక్ష్మీనరసింహస్వామి ఆలయమునకు 1807-09 సంవత్సరములలో పదునొకండు అంతస్తుల గాలిగోపురము నెత్తించెను. దాని యెత్తు 153 అడుగులు. అంత యెత్తునకు అడుగుభాగపు వెడల్పు 49 అడుగులు మాత్రమే యగుటచే శిల్పుల సాహసమునకు అది గుర్తుగా నిలిచినది. కట్టడము పూర్తియైన పిమ్మట గోపురము ఒకవైపు ఒరిగినట్లు కానవచ్చెననియు, కాంచీపురమునుండి శిల్పులు వచ్చి ఎదుటివైపున కోనేరు త్రవ్వింపుడని సలహా చెప్పిరనియు, అట్లు చేయగా అది చక్కబడెననియు స్థలపురాణము. కథలోని నిజానిజములెట్లున్నను, పైరాయి ఎంత గట్టిదైనను క్రిందినేల స్వభావము తెలియకున్న నిలువదను వాస్తురహస్యము అందు దాగియున్నది. అంతటి గోపురమునకే గాక, పెరటిలోని నాలుగు బండల బాటకు కూడ ఆ మాట వర్తించును. అడుగున ఇసుక దిమ్మిస వేసి, నీరు పారుటకు వాలు కల్పింపనిచో తొలి వానకే బండ పక్కకు ఒరగును.

చేబ్రోలులో కొలను నడుమ చతుర్ముఖ బ్రహ్మకు ఆలయము కట్టించెను. పొన్నూరు మొదలగు క్షేత్రములలో గోపురములు లేపెను. నూటయెనిమిది శివాలయములు ప్రతిష్ఠించెనని ప్రతీతి. తులాభారము తూగి బంగారము పంచిపెట్టెనని చెప్పుదురు. దేవీభాగవతమును తెనిగించిన ములుగు పాపయారాధ్యుడు ఆతని ఆస్థానమున గౌరవము పొందిన పండితకవి. ధనమును కోటలకు, తుపాకులకు కాక గుడులకు, కొలనులకు, కవిపండితులకు వెచ్చించిన ప్రభువుగా ఆతని పేరు గుంటూరు మండలమున నేటికిని నిలిచియున్నది. దీపాలదిన్నె విషయమొక్కటియే చదివి ఆతనిని కట్టడముల ధ్వంసకుడని తలచుట న్యాయము కాదు. ఆతడు జీవితమంతయు కట్టించినవాడే.

1815లో మెకంజీ భారతదేశమునకంతకు సర్వేయరు జనరల్ అయ్యెను. మరుసటి సంవత్సరము సహాయకులతో, చిత్రకారులతో మరల అమరావతికి వచ్చెను. తొలిసారి చూచిన దిబ్బ ఈసారి లేదు. దాని నడుమ ఒక చెరువు త్రవ్వించి యుండిరి. నీటి వసతి కల్పించుట పుణ్యకార్యమని తలచిన ప్రభువునకు అందు తప్పేమియు కానరాలేదు. మెకంజీ మిగిలిన శిల్పములను ఒక్కొక్కదానినే కొలిపించి, గీయింప నారంభించెను. కొలనుమెట్లలోనికి, గోడలలోనికి పోయిన రాళ్ళ జాడ కూడ తీయించెను. ఆ చిత్రములు ఎనుబదికి పైగా లండనులో భద్రముగా నున్నవి. అందున్న శిల్పములలో కొన్నింటికి ఆ కాగితమే నేడు మిగిలిన ఆధారము, రాయి దొరకదు. చిత్రరచన సాగుచున్న ఆ 1816వ సంవత్సరముననే, ఆగస్టు 17వ తేదీన, వేంకటాద్రి నాయుడు స్వర్గస్థుడయ్యెను.

ఆతనికి ఔరస సంతానము లేదు. ఇరువురిని దత్తత చేసికొనియుండెను. ఆ దత్తపుత్రుల నడుమ పుట్టిన వ్యాజ్యము దశాబ్దముల తరబడి నడచి లండను ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. మొదటి దత్తుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని 1846లో వచ్చిన ఆ తీర్పు హిందూ ధర్మశాస్త్ర గ్రంథములలో ముఖ్య ప్రమాణముగా నిలిచెను. ఆ వివాదము ముగియునప్పటికి సంస్థానపు ప్రాభవము క్షీణించియుండెను. గోపురములు మాత్రము నిలిచినవి.

చైత్యపు రాళ్ళ ప్రయాణము ఆతనితో ఆగలేదు. మెకంజీయే కొన్నింటిని కలకత్తాకును, మద్రాసుకును పంపించెను. 1830 తరువాత మచిలీపట్టణపు కలెక్టరు రాబర్ట్‌సన్ తాను నెలకొల్పిన క్రొత్త అంగడివీధికి అలంకారముగా కొన్ని పలకలను తరలించెను. అనగా ఇంగ్లీషు కలెక్టరుకును, తెలుగు జమీందారుకును ఆ పలకలు ఒకే విధముగ కనబడెను: పట్టణశోభకు పనికివచ్చు రాళ్ళు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పములలో నూటికి పైగా 1859లో లండనుకు పోయెను. 1877లో రాబర్ట్ సూయెల్ కొంత త్రవ్వెను. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ఉత్తరువుపై దిబ్బ యావత్తును తొలగించిరి. రాయి ఎక్కడ నుండెనో గుర్తు పెట్టుకొనకయే లాగివేసిరి. మరుసటి సంవత్సరము జేమ్స్ బర్జెస్ వచ్చునప్పటికి మిగిలినది పెద్ద గుంట. తెలియక చేసినవాడు వేంకటాద్రి నాయుడు. తెలిసియు తొందరపడినవారు ఆ తరువాతివారు. తప్పు తూచునపుడు ఈ తేడా మరువరాదు.

ఒకచోట ఉన్న రాతిని మరియొకచోట వాడుట స్వతస్సిద్ధముగా దోషమని కూడ అనరాదు. ప్రాచీన శిల్పులే ఆ పని చేసియున్నారు. లండను ప్రదర్శనశాలలో అమరావతి పలక ఒకటి ఉన్నది. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున ఒక ముఖముపై శిల్పము చెక్కిరి. మూడు శతాబ్దుల పిమ్మట దానినే త్రిప్పి వెనుక ముఖముపై పూర్తి స్తూపరూపమును చెక్కిరి. పాతశిల్పము చెడలేదు, క్రొత్తది వెలసెను. అదియేమో తెలిసి, దాని గౌరవము తెలిసి, త్రిప్పి వాడుటకును, అదియేమో అడుగక మెట్టుగా పరచుటకును గల అంతరము ఈ ఒక్క పలకలోనే కానవచ్చును.

ఆ అంతరమును పల్నాడు స్వయముగా నేర్చుకొని చూపించెను. మాచెర్ల సమీపమున కృష్ణాతీరమందలి నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకు రాజుల నాటి శిథిలములను 1926లో గుర్తించిరి. అక్కడి శిల్పములును పల్నాటి సున్నపురాతివే. నాగార్జునసాగర నిర్మాణముచే లోయ మునుగుట నిశ్చయమయ్యెను. అందుచే 1954 మొదలు 1960 వరకు లోయ నంతటిని త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను కొలతలతో విప్పి, కొన్నింటిని కొండపైకి, కొన్నింటిని అనుపునకు తరలించి మరల నిలిపిరి. నీటికొరకు స్థలము విడువక తప్పలేదు. రాయిని, రాతి కథను మాత్రము విడువలేదు. దీపాలదిన్నెలో చెరువు త్రవ్వించిన దినములకును, ఈ దినములకును నడుమ నూటయేబది సంవత్సరములైనను గడువలేదు.

అమరావతి 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. ఏ గనిసీమనుండి రెండువేల యేండ్ల క్రిందట పలకలు వచ్చెనో ఆ సీమపేరే నేడు ఆ క్షేత్రమునకు దక్కినది. అమరేశ్వరుని దర్శింపబోవు విద్యార్థులు వేంకటాద్రి నాయుడు తీర్పించిన పట్టణమునే నడచిపోవుదురు. పిమ్మట మహాచైత్యపు శిథిలముల చుట్టును ప్రదక్షిణ చేయుదురు. ఈ రెండు నడకలలో ఒకదానిని కాదని రెండవదానిని మెచ్చుకొనుట సులభము గాని, రెండును కలిసినదే ఆ ఊరి చరిత్ర. ఆ ప్రభువు శ్రద్ధలో లోపము లేదు, ఔదార్యములో లోపము లేదు. రాయి గట్టిదా, చదునైనదా, దగ్గరగా దొరకునా అను మూడు ప్రశ్నలను ఆతని పనివారు అడిగిరి. ఇది ఎవరిది అను నాల్గవ ప్రశ్న అడుగలేదు.

పల్నాటి పల్లెలలో పాతగోడ పడగొట్టునపుడు, పొలము దున్నునపుడు, తోటబాటకు బండలు ఏరునపుడు నేటికిని చెక్కడపు తునుకలు, అక్షరములు గల పలకలు బయటపడుచునే యున్నవి. అట్టి బండ చేతికి వచ్చినపుడు దానిని బోర్లించి పరచుటకు ముందు ఒకసారి త్రిప్పి చూచి, గీతయో అక్షరమో కనబడినచో ప్రక్కకు తీసిపెట్టి, పురావస్తు శాఖవారికి తెలియజేసినచో చాలును. ఇంటి నడవకు గనిలో కావలసినంత రాయి కలదు.